ఎవరి నాలుగు స్టార్లు? రేటింగుల్లోంచి సినిమా అభిరుచిని చదవడం

ఒక మనిషి ఏళ్ల తరబడి చూసిన సినిమాలకు ఇచ్చిన రేటింగులన్నీ ఒక ఫైల్లో ఉన్నాయనుకుందాం. ఆ ఫైల్ చేతికందగానే చాలామంది చేసే పని ఒకటే. ఐదు స్టార్లు పడ్డవాటిని ఏరి, వాటి జానర్లు లెక్కపెట్టి, "తనకు డ్రామాలంటే ఇష్టం" అని తేల్చేస్తారు. ఆ పద్ధతిలో ఎవరి ఫైల్ తీసుకున్నా దాదాపు ఇదే జవాబు వస్తుంది. ఐదు స్టార్ల జాబితాలో ఎక్కువగా చేరేవి అందరూ మెచ్చిన సినిమాలే, డ్రామా అన్న ముద్ర కూడా చాలా సినిమాలకు ఉండేదే. ఒక మనిషి అభిరుచి బయటపడేది తను జనంతో విడిపోయిన చోట. ఆ తేడాను కొలవాలి. ఆ తర్వాత అది నిజమైన తేడానా, ఆ పూట మూడ్ తెచ్చిన తేడానా అని పరీక్షించాలి.

ముందు డేటా సంగతి. సినిమాల వివరాల సైట్ ఐఎండీబీలో మీ రేటింగుల పేజీ నుంచి సీఎస్‌వీ ఫైల్‌గా (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే పట్టికగా) దించుకుంటే మీ రేటింగు, అది ఇచ్చిన తేదీ, ఐఎండీబీ రేటింగు, ఓట్ల సంఖ్య, నిడివి, విడుదలైన ఏడాది, జానర్లు, దర్శకులు అన్నీ వేర్వేరు కాలమ్స్‌లో వస్తాయి. ఈ పనికి ఇంతకంటే అనువైన ఫైల్ ఉండదు. సినిమా డైరీ రాసుకునే సైట్ లెటర్‌బాక్స్‌డ్ ఇచ్చే ఫైళ్లలో రేటింగులు వేరు, డైరీ వేరు. డైరీలో సినిమా చూసిన తేదీ, అది మళ్లీ చూడడమా కాదా అన్న కాలమ్ ఉంటాయి. అవి చాలా విలువైనవి. జనం సగటు మాత్రం ఆ ఫైళ్లలో ఉండదు, విడిగా చేర్చుకోవాలి. ఎన్ని రేటింగులుంటే చాలు? పరిశోధకులు నడిపే సినిమా సిఫారసుల సైట్ మూవీలెన్స్ పాత డేటాసెట్లలో కనీసం 20 సినిమాలకు రేటింగు ఇచ్చినవాళ్లనే ఉంచారు. అయితే అక్కడ అల్గారిదమ్ మిగతా వేలమందిని చూసి లోటు భర్తీ చేసుకుంటుంది. ఒక్క మనిషి ఫైల్‌నే చేత్తో చదవాలంటే 20 ఏ మూలకూ చాలవు. 150 దాటితే నమ్మకంగా మాట్లాడవచ్చు. 60కి లోపయితే దర్శకుల జోలికి పోకుండా పెద్ద పెద్ద గుంపుల వరకే చూడండి.

ఇప్పుడు అసలు లెక్క. 240 సినిమాలున్న ఫైల్ తీసుకుందాం. ఐదు స్టార్ల కొలమానం మీద ఆ మనిషి సగటు 3.6. అవే 240 సినిమాలకు జనం సగటు 3.4. అంటే తను జనం కంటే 0.2 ఉదారం. ఇక్కడే చాలామంది పొరపడతారు: మనిషి సగటును సైట్ మొత్తం సగటుతో పోలుస్తారు. మంచి సినిమాలే ఏరుకుని చూసేవాళ్ల సగటు ఎక్కువగానే ఉంటుంది, దాన్ని ఉదారం అనకూడదు. తను చూసిన సినిమాల మీదే జనం సగటు తీయాలి.

ఇక ఒక్కో సినిమాకూ అంచనా వేయండి. జనం సగటు 4.2 ఉన్న సినిమాకు ఈ మనిషి నుంచి ఆశించాల్సింది 4.4. తను ఇచ్చింది 4. మిగులు, అంటే ఇచ్చినదాంట్లోంచి ఆశించినది తీసేస్తే వచ్చేది, మైనస్ 0.4. జనం 2.6 ఇచ్చిన మరో సినిమాకు ఆశించాల్సింది 2.8. తను ఇచ్చింది 3.5. మిగులు ప్లస్ 0.7. స్టార్లు మాత్రమే చూసినవాళ్లు మొదటి సినిమా ఎక్కువ నచ్చిందంటారు. అభిరుచి గురించి ఏదైనా చెప్పేది రెండో సినిమానే.

ఈ తీసివేత దగ్గరే ఆగిపోతే ఇంకో చిక్కుంది. జనం సగటు అనేది వేలమంది అభిప్రాయాలు కలిసి నడుమకు వచ్చిన అంకె. దానితో పోలిస్తే ఒక మనిషి తన స్టార్లను బాగా విప్పి వాడవచ్చు, లేదా మూడు నుంచి నాలుగు మధ్యలోనే తిరగవచ్చు. ఒకటి నుంచి ఐదు దాకా స్వేచ్ఛగా వాడే మనిషికి పేరున్న సినిమాలన్నిటి దగ్గరా మిగులు ప్లస్ వస్తుంది, పేరులేనివాటి దగ్గర మైనస్ వస్తుంది. "ఈయనకు క్లాసిక్స్ అంటే ప్రాణం" అనిపిస్తుంది. నిజానికి అది స్కేల్ వాడే తీరు మాత్రమే. దీనికి మందు స్ప్రెడ్‌షీట్‌లోనే ఉంది. స్లోప్, ఇంటర్‌సెప్ట్ అన్న రెండు ఫంక్షన్లకు జనం సగటు కాలమ్‌ను ఎక్స్‌గా, మనిషి రేటింగ్ కాలమ్‌ను వైగా ఇవ్వండి. స్లోప్ 0.5 వచ్చిందనుకోండి. జనం మెప్పు ఒక స్టార్ పెరిగితే ఈ మనిషి మెప్పు అర స్టారే పెరుగుతుందని అర్థం. జనం సగటును స్లోప్‌తో గుణించి ఇంటర్‌సెప్ట్‌ను (ఇక్కడ 1.9) కలిపితే అంచనా వస్తుంది. అప్పుడు 4.2 సినిమాకు అంచనా 4.0 అవుతుంది, మిగులు సున్నా. 2.6 సినిమాకు అంచనా 3.2, మిగులు ప్లస్ 0.3. నిరాశ అనుకున్నది మాయమైంది. పెద్ద ఇష్టం అనుకున్నది సగానికి పైగా తగ్గింది.

ఆ స్లోప్ ఒక్కటే బోలెడు చెబుతుంది. ఒకటికి దగ్గరగా ఉంటే జనం మాట తన మాటతో కలిసి నడుస్తుంది. అలాంటివాళ్లకు సినిమా సూచించడం తేలిక. సున్నాకు దగ్గరైతే సినిమాకున్న పేరుప్రతిష్ఠలు ఈ మనిషి విషయంలో ఏ పనికీ రావు, ఇంకేదో కొలబద్ద నడుస్తోంది. నాకు ఆసక్తిగా అనిపించే ఫైళ్లు ఈ రెండో రకమే.

జనం సగటును కూడా గుడ్డిగా నమ్మలేం. ఐఎండీబీ చూపించేది మామూలు సగటు కాదు, వెయిటెడ్ సగటు. ఏ ఓటుకు ఎంత బరువిస్తారన్నది ఆ సంస్థ బయటపెట్టదు. పైగా తక్కువమంది చూసే సినిమాలకు ఓటు వేసేది ఎక్కువగా ఆ తరహా సినిమా కోసం వెతుక్కుని వెళ్లినవాళ్లే. ఏడెనిమిది వందల ఓట్లతో ఐఎండీబీలో పదికి 8 దాటిన డాక్యుమెంటరీకి మీ మనిషి 7 ఇస్తే దాన్ని వ్యతిరేకతగా చదవకండి. ఓట్లు వెయ్యికి తక్కువ ఉన్న సినిమాలను వేరే రంగుతో గుర్తు పెట్టుకుని, నిర్ధారణలకు వాటి మీద ఆధారపడకపోవడం మేలు.

మిగులు కాలమ్ సిద్ధమయ్యాక దాన్ని గుంపులుగా విడదీయాలి. తొందరపాటు ఎక్కువ దెబ్బతీసేది ఇక్కడే. యుద్ధ చిత్రాలు మూడు ఉన్నాయి, మిగుళ్లు 1.0, 0.8, 0.9. సగటు 0.9. కామెడీలు 40 ఉన్నాయి, మిగుళ్ల మొత్తం 14, సగటు 0.35. ఈ మనిషికి యుద్ధ చిత్రాలంటే కామెడీల కంటే రెండున్నర రెట్లు ఇష్టమా? మూడు సినిమాలతో ఆ మాట అనలేం. సగటు తీసేటప్పుడు సినిమాల సంఖ్యకు 5 కలిపి భాగించండి. యుద్ధ చిత్రాలకు 2.7ని 8తో భాగిస్తే 0.34. కామెడీలకు 14ను 45తో భాగిస్తే 0.31. రెండూ దాదాపు సమానమైపోయాయి. ఆ 5 అంకె శిలాశాసనమేమీ కాదు. రేటింగులు బాగా ఊగిసలాడే మనిషికి 8 గానీ 10 గానీ పెట్టవచ్చు. తక్కువ సాక్ష్యమున్న గుంపును సున్నా వైపు లాగడమే దాని పని. రికమెండేషన్ సిస్టమ్స్ రాసేవాళ్లు ఇదే కిటుకును ష్రింకేజ్ అంటారు. అది లేకుండా ఏ జాబితా తీసినా ఒకటి రెండు సినిమాల గుంపులే పైనా కిందా తిష్ఠ వేస్తాయి.

జానర్ ముద్రలతో పెద్ద ఇబ్బంది ఏమిటంటే అవి సినిమా దేని గురించో చెబుతాయి, ఎలా నడుస్తుందో చెప్పవు. థ్రిల్లర్ అన్న ఒక్క ముద్ర కింద పరుగులు పెట్టే సినిమా ఉంటుంది, రెండు గంటలు ఒకే గదిలో మాటలతో నడిచే సినిమా కూడా ఉంటుంది. అందుకే మిగులు అత్యధికంగా ఉన్న 15, అత్యల్పంగా ఉన్న 15 సినిమాలు తీసి, వాటికి సొంత గుర్తులు వేయాలి. వేగం ఎలా ఉంది, ముగింపు తేల్చి చెప్పారా వదిలేశారా, కథ ఒకరి కళ్లతోనే నడిచిందా, హింస తెర మీద చూపించారా, సంభాషణ ఎక్కువా నిశ్శబ్దం ఎక్కువా, నాయకుడి మీద జాలి కలగాలని సినిమా అడుగుతోందా, నిడివి 100 నిమిషాల లోపా 150 దాటిందా. ఆరేడు గుర్తులు చాలు. ఇరవై పెడితే ఏదో ఒకటి ఊరికే కలిసొస్తుంది.

గుర్తులు వేసేవాళ్లకు ఏ సినిమా పై జాబితాలోదో, ఏది కింది జాబితాలోదో తెలియకూడదు. తెలిస్తే చెయ్యి తనంతట తనే అనుకూలంగా పడుతుంది. ముప్ఫై పేర్లనూ కలిపి, మిగులు కాలమ్ దాచేసి, అప్పుడు వేయండి. ఇంకో జాగ్రత్త కూడా కావాలి: మొదట్లోనే ఫైల్లోంచి ఐదో వంతు సినిమాలను యాదృచ్ఛికంగా తీసి పక్కన పెట్టండి. 240లో 48 అన్నమాట. మీరు కనిపెట్టిన నియమం ఆ 48లో కూడా నిలబడితేనే దాన్ని నియమం అనండి.

ఒకటి కనిపించినప్పుడు దాని వెనక ఇంకొకటి దాక్కుందేమో చూడాలి. నేరకథల మిగులు ఎక్కువగా ఉంది, కానీ ఉన్న పన్నెండులో ఏడు ఒకే దర్శకుడివి. ఇష్టం నేరం మీదా, దర్శకుడి మీదా? ఆ దర్శకుడు తీసిన వేరే రకం సినిమాలకు మిగులెంత, మిగతా దర్శకుల ఐదు నేరకథలకు మిగులెంత అని విడివిడిగా చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. ఏడాదితో కూడా ఇలాగే జరుగుతుంది. పాత సినిమాల్లో మనం చూసేది కాలం వడబోసి మిగిల్చినవే కాబట్టి, "పాతవంటే ఇష్టం" అన్నది తరచూ ఏరికోరి చూడడం వల్ల వచ్చిన భ్రమే.

రేటింగులు చెప్పలేనిది ఒకటుంది: చూడనివాటి సంగతి. మనిషి తనకు నచ్చుతుందనుకున్నదే చూస్తాడు, నచ్చదనుకున్నదాని దరిదాపులకు పోడు. యాహూ మ్యూజిక్ అనే పాటల సేవ శ్రోతల మీద పరిశోధకులు బెంజమిన్ మార్లిన్, రిచర్డ్ జెమెల్ చేసిన పనిలో ఇది స్పష్టంగా బయటపడింది. శ్రోతలు తామే ఎంచుకున్న పాటలకు ఇచ్చిన రేటింగుల కంటే, యాదృచ్ఛికంగా వినిపించిన పాటలకు ఇచ్చినవి బాగా తక్కువ. సినిమాల్లోనూ ఇదే పనిచేస్తుంది. ఆరంటే ఆరు హారర్ చిత్రాలు చూసి సగటున 4.2 ఇచ్చిన మనిషికి హారర్ ఇష్టమని కాదు. అందరూ చూడమని పట్టుబట్టిన ఆరు మాత్రమే చూశారు. తొంభై థ్రిల్లర్లు చూసి సగటున 3.2 ఇచ్చిన మనిషిని తీసుకోండి. అంకె తక్కువే. కానీ ఆ తొంభై సాయంత్రాలూ థ్రిల్లర్‌కే ఇచ్చారంటే ఆ ఎంపికే ఒక ఓటు. కాబట్టి ప్రతి గుంపుకూ రెండు అంకెలు రాయండి, ఎన్ని చూశారన్నది ఒకటి, మిగులు ఎంతన్నది రెండోది. ఎక్కువ చూసి మిగులు తక్కువున్న గుంపు అలవాటుది, లేదా దొరకని దాని కోసం వెతుకులాటది. తక్కువ చూసి మిగులు ఎక్కువున్న గుంపులోనే కొత్త సినిమా సూచించడానికి అసలైన చోటుంది. ష్రింకేజ్ చేశాక కూడా అది ప్లస్‌లో నిలిచి ఉండాలి సుమా.

మధ్యలో ఆపేసిన సినిమాలు కూడా ఇలాంటి ఖాళీయే. చాలామంది వాటికి రేటింగు ఇవ్వరు. దానితో ఫైల్ కింది అంచు కోసుకుపోతుంది. ఆ మనిషి మీకు అందుబాటులో ఉంటే అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏవి సగంలో వదిలేశావు?" అన్నదే. ఆ పది పేర్లు వంద మూడు స్టార్ల కంటే ఎక్కువ చెబుతాయి.

తేదీల కాలమ్‌ను చాలామంది పట్టించుకోరు. ఖాతా తెరిచిన రోజున కొన్ని సైట్లు వరసగా సినిమాలు చూపించి రేటింగు అడుగుతాయి. అప్పుడు ఏళ్ల కిందట చూసినవాటికి జ్ఞాపకంతో అంకెలు పడతాయి. మూవీలెన్స్ డేటాలోని సమయం కూడా రేటింగు నమోదైన సమయమే, సినిమా చూసిన సమయం కాదు. ఒకే రోజున పదికి మించి రేటింగులుంటే ఆ గుంపును విడిగా పెట్టండి. జ్ఞాపకంతో ఇచ్చిన అంకెలు, సినిమా అయిపోయిన గంటలో ఇచ్చిన అంకెలు ఒక జాతివి కావు. రేటింగులను బాగా ఊహించే పద్ధతి కోసం నెట్‌ఫ్లిక్స్ పెట్టిన పోటీలో గెలిచిన బృందం కూడా ఆ రోజు ఆ మనిషి మొత్తం ఎన్ని రేటింగులు ఇచ్చాడన్న అంకెను తమ లెక్కలో చేర్చింది, దానివల్ల అంచనా మెరుగుపడింది.

కాలంతో మారేది అభిరుచి ఒక్కటే కాదు, కొలమానం కూడా. ఆ పోటీకి నెట్‌ఫ్లిక్స్ ఇచ్చిన డేటాలో 2004 మొదట్లో మొత్తం సగటు రేటింగు ఉన్నట్టుండి 3.4 దగ్గర్నుంచి 3.6 పైకి ఎగబాకిందని గెలిచిన బృందంలోని యెహుదా కోరెన్ చూపించారు. లక్షలమంది అభిరుచి ఒక్కసారిగా మారదు కదా. ఒక మనిషి ఫైల్లోనూ ఏడాదివారీగా స్లోప్, ఇంటర్‌సెప్ట్ తీసి చూడండి. ఒకే జనం సగటుకు వచ్చే అంచనా ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ 0.3 మించి మారితే ఆ ఏళ్లను విడివిడిగా లెక్కకట్టాలి. లేకపోతే ఉదారంగా ఉన్న ఏడాదిలో ఎక్కువగా చూసిన జానర్ ఉత్తపుణ్యానికి పైకి తేలుతుంది.

ఇక ఊగిసలాట. అదే మనిషి అదే సినిమాకు కొన్నాళ్లకు మళ్లీ రేటింగు ఇస్తే అంకె మారడం మామూలే. పరిశోధకుడు షేవియర్ అమాట్రియెన్ బృందం 2009లో దీన్ని కొలిచింది. బాగా నచ్చినవి, అసలు నచ్చనివి నిలకడగా ఉంటాయి, మధ్యలోని అంకెలే ఎక్కువ కదులుతాయి. మీ మనిషి ఊగిసలాట ఎంతో కొలవడం కష్టం కాదు. ఆరు నెలలు దాటిన 20 రేటింగులు తీసి, పాత అంకె చూపకుండా మళ్లీ ఇమ్మనండి. రెంటి మధ్య తేడాల సగటు 0.4 వస్తే, ఒక్క సినిమా మీద 0.4 లోపు మిగులుకు అర్థం వెతకకండి. గుంపు మీద అయితే చిన్న తేడాకూ విలువుంటుంది, సినిమాలు పెరిగేకొద్దీ ఊగిసలాట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది కాబట్టి.

సైట్ ముందే చూపించే అంకె కూడా రేటింగును తన వైపు లాగుతుంది. 2003లో మూవీలెన్స్ మీద డాన్ కాస్లీ, మరికొందరు పరిశోధకులు కొందరికి కావాలనే తప్పు అంచనా చూపించి చూస్తే, వాళ్లిచ్చిన రేటింగులు ఆ తప్పు అంకె వైపే జరిగాయి. కాబట్టి ఇకమీదట రేటింగులు ఇచ్చేటప్పుడు జనం సగటు చూడకముందే అంకె రాసుకోమనండి.

స్టార్ అంటే ఏమిటన్నది కూడా మనిషి మనిషికీ మారుతుంది. కొందరు సినిమా ఎంత గొప్పదో చెబుతారు, కొందరు తమకెంత హాయిగా గడిచిందో చెబుతారు. డైరీలో మళ్లీ చూసిన కాలమ్ దీన్ని పట్టిస్తుంది. ఐదు స్టార్లు ఇచ్చి మళ్లీ ఎన్నడూ చూడనివి గౌరవానికి ఇచ్చినవి. మూడు స్టార్లు ఇచ్చి నాలుగుసార్లు చూసినవి ప్రేమవి. లెటర్‌బాక్స్‌డ్‌లో గుండె గుర్తు స్టార్లతో సంబంధం లేకుండా వేయవచ్చు. అంచనా కంటే తక్కువ స్టార్లు, అయినా గుండె గుర్తు పడ్డ సినిమాలను మొట్టమొదట చదవాలి. నెట్‌ఫ్లిక్స్ 2017లో స్టార్లు తీసేసి బొటనవేలు పైకీ కిందకీ పెట్టింది, 2022లో రెండు బొటనవేళ్లు చేర్చింది. అలాంటి డేటాలో స్లోప్ లెక్క కుదరదు. ఎన్నింటిలో ఎన్ని నచ్చాయన్న నిష్పత్తి, దాని మీద ష్రింకేజ్, అంతవరకే.

ఇంతా చేస్తే ఎంత ఖచ్చితంగా ఊహించగలం? నెట్‌ఫ్లిక్స్ 2006లో పది లక్షల డాలర్ల బహుమతి పెట్టి 4,80,189 మంది 17,770 సినిమాలకు ఇచ్చిన పది కోట్లకు పైగా రేటింగులు అందరి ముందూ ఉంచింది. ఒక్కో సినిమా సగటునే జవాబుగా రాస్తే ఆర్‌ఎంఎస్‌ఈ (అంచనా అసలు రేటింగుకు ఎంత దూరంగా పడిందో చెప్పే కొలత, ఎంత తక్కువైతే అంత మంచిది) సుమారు 1.05. సంస్థ సొంత పద్ధతిది సుమారు 0.95. మూడేళ్ల పోటీ తర్వాత 2009లో గెలిచిన బృందానిది 0.8567. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న కొలమానం మీద అప్పటికీ ముప్పావు స్టార్ దాటిన తప్పు ఉందన్నమాట. అందుకే "దీనికి నువ్వు 4.2 ఇస్తావు" అని చెప్పే ప్రయత్నం వదిలేయండి. రెంటిలో ఏది ఎక్కువ నచ్చుతుందో చెప్పడం ఇంతకంటే నమ్మదగ్గ పని.

వేరేవాళ్ల ఫైల్ మీద ఇదంతా చేయాలనుకుంటే వాళ్లను అడిగి చేయండి, పేరు తీసేసినా సరే ఎక్కడా బయట పెట్టకండి. నెట్‌ఫ్లిక్స్ పేర్లు లేకుండానే ఇచ్చిన ఆ డేటాలో ఎనిమిది రేటింగులు, వాటి తేదీలు తెలిస్తే చాలని పరిశోధకులు అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ 2008లో చూపించారు. ఎనిమిదిలో రెండు పూర్తిగా తప్పయినా, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా, 99 శాతం రికార్డుల్లో ఎవరిది ఏదో విడిగా గుర్తుపట్టవచ్చు. సినిమా రేటింగుల్లో ఏముందిలే అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మతం, రాజకీయం, ఇష్టాయిష్టాలు అన్నీ అందులోంచి తొంగిచూస్తాయి.

చివరి పరీక్ష ఇలా పెట్టండి. ఆ మనిషి ఇంకా చూడని 40 సినిమాలు తీసుకుని, జనం సగటులో 0.2 మించి తేడా లేని జతలుగా 20 చేయండి. జతలో ఏది ఎక్కువ నచ్చుతుందో, ఏ గుర్తు చూసి అలా అనుకున్నారో ముందే రాసి దాచండి. గుడ్డిగా చెప్పినా సగటున 10 జవాబులు సరైనవే అవుతాయి. 13 సరైతే పొంగిపోకండి, ఊరికే చెప్పినా 13 గానీ అంతకు మించి గానీ రావడానికి 13 శాతం అవకాశం ఉంది. 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊరికే రావడానికి ఉన్న అవకాశం 2 శాతమే. తప్పిన జతలను మీరు రాసుకున్న గుర్తుల పక్కన పెట్టి చూడండి. అన్నీ ఒకే గుర్తు దగ్గర తప్పుతుంటే ఆ గుర్తును కొట్టేసి మిగతావాటిని ఉంచుకోండి. చెదురుమదురుగా తప్పుతుంటే గుర్తుల్ని తప్పుపట్టకుండా, ఆ మనిషి నుంచి ఇంకో యాభై రేటింగులు వచ్చేదాకా ఆగండి.